కోడ్ చూసి స్విచ్ మార్చేయకండి

కారుకి స్కానర్ తగిలిస్తే ‘పి0571’ అని కోడ్ వచ్చింది. బ్రేక్ స్విచ్ సర్క్యూట్‌లో లోపం ఉందని అర్థం. చాలామంది వెంటనే కొత్త స్విచ్ కొని బిగించేస్తారు. నాలుగు రోజులకు మళ్లీ అదే కోడ్! స్కానర్ చెప్పింది సర్క్యూట్ గురించి. అందులో ఫ్యూజు ఉంది, వైర్లు ఉన్నాయి, కనెక్టర్లున్నాయి. స్విచ్ వాటిలో ఒకటి, అంతే.

‘ఉద్యోగం రావట్లేదు’ అన్నదీ ఇలాంటి కోడే. అది చూసి, కోచింగ్ సెంటర్లుండే అమీర్‌పేట వెళ్లి ఇంకో కోర్సులో చేరిపోయేవాళ్లు ఎందరో! డబ్బు పోతుంది, ఆర్నెల్లు పోతాయి, లోపం మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

పని తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ ముందు ఫ్యూజు చూస్తాడు. తర్వాత డ్యాష్‌బోర్డు కిందికి దూరి, పెడల్ దగ్గరున్న స్విచ్‌కి మల్టీమీటర్ పెడతాడు. మామూలు బ్రేక్ లైట్ స్విచ్‌లో ఒక వైరుకి కరెంటు ఎప్పుడూ ఉండాలి. పెడల్ తొక్కితే రెండో వైరుకీ రావాలి. మొదటిదానికే లేదంటే లోపం ఇంకా వెనకాల, ఫ్యూజు వైపు ఉంది. మొదటిదానికి ఉండి, తొక్కినా రెండోదానికి రాకపోతే స్విచ్‌నో, దాని అడ్జస్ట్‌మెంట్‌నో అనుమానించాలి. తొక్కినప్పుడు మాత్రమే రెండోదానికీ వస్తోందంటే స్విచ్ జోలికి పోనక్కర్లేదు. అక్కడి నుంచి ముందుకు వెళ్లే వైర్లు, బల్బు హోల్డర్లు, ఎర్త్ చూసుకోవాలి. స్క్రూ ఒక్కటీ విప్పకుండానే సగం అనుమానాలు తీరిపోతాయి.

మీరూ అలాగే కొలవండి. పెట్టిన అప్లికేషన్లకు ఫోనే రావట్లేదంటే రెజ్యూమె చూసుకోండి, మీకు సరిపడే ఉద్యోగాలకే పెడుతున్నారా అన్నదీ చూసుకోండి. ఫోన్లు వచ్చి రాతపరీక్షలో ఆగిపోతుంటే సబ్జెక్టు మీద కూర్చోవాల్సిందే. రాతపరీక్ష దాటి ఇంటర్వ్యూలో పోతోందా? కొత్త కోర్సు మీకు పైసా పనికిరాదు.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. తుప్పు పట్టిన కనెక్టర్ దగ్గర లోడు లేకుండా మీటర్ పెడితే 12 వోల్టులు నిక్షేపంగా చూపిస్తుంది. పెడల్ తొక్కి, ఒక్కోటీ 21 వాట్ల బల్బులు కరెంటు లాగుతుండగా అక్కడే కొలవండి, వోల్టేజి పడిపోతుంది. ఇంట్లో, ఫ్యాను కింద, పుస్తకం పక్కన పెట్టుకుని చెప్పిన జవాబు లోడు లేని కొలత. ఎదురుగా ముగ్గురు కూర్చుని అడ్డు ప్రశ్నలు వేస్తున్నప్పుడు నిలబడే జవాబే అసలు కొలత.

చిన్నవాటిని తేలిగ్గా తీసుకోకండి. కొన్ని కార్లలో పెడల్‌కి, స్విచ్‌లోంచి పొడుచుకొచ్చే పుల్లకు ఎదురుగా, ఒక చిన్న ప్లాస్టిక్ బిళ్ల ఉంటుంది. పాతబడి అది ముక్కలై రాలిపోతే, పుల్ల ఆ బిళ్ల ఉన్న రంధ్రంలోంచి బయటికి వచ్చేస్తుంది, స్విచ్‌కి పెడల్ తొక్కినట్టే లెక్క. కారు ఆపి ఇంట్లోకి వెళ్లినా బ్రేక్ లైట్లు తెల్లవార్లూ వెలుగుతూనే ఉంటాయి. పొద్దున్నే బ్యాటరీ డౌన్! తప్పంతా బ్యాటరీదే అనుకుని వేలు పోసి కొత్తది వేయిస్తారు. కింద మ్యాటు మీద రాలిన ప్లాస్టిక్ ముక్కల్ని ఎవరూ పట్టించుకోరు. అలాగే మధ్యాహ్నం మూడింటికల్లా నీరసపడిపోయి ‘నాకు ఏకాగ్రత లేదు’ అని కుమిలిపోయేవాళ్లు, రాత్రి ఫోను ఎన్నింటికి పక్కన పెట్టారో ముందు చూసుకోవాలి.

ఒకసారికి ఒక్కటే మార్చండి. ఫ్యూజు, స్విచ్, వైరు మూడూ కలిపి మార్చేస్తే ఏది మార్చినందుకు బాగైందో తెలియదు, మళ్లీ వస్తే ఎక్కడ వెతకాలో అంతకన్నా తెలియదు. మార్చాక కోడ్ చెరిపి, బండి రోడ్డెక్కించి, మళ్లీ వస్తుందేమో చూడండి.

చివరిగా ఒక మనిషిని కారు వెనక నిలబెట్టి పెడల్ తొక్కండి. మీ బ్రేక్ లైట్లు మీ సీట్లోంచి మీకు కనిపించవు. వెనకొచ్చే లారీ డ్రైవర్‌కి మాత్రం అవే దిక్కు. రెండు పక్కలవీ, పైనున్న మూడోదీ వెలిగాయో లేదో ఆ మనిషి చెప్పాలి. ఇంటర్వ్యూకి వెళ్లే ముందు కూడా మొహమాటం లేని స్నేహితుణ్ని ఎదురుగా కూర్చోబెట్టుకోండి. ఏ ప్రశ్న దగ్గర మీ గొంతు తగ్గిందో, ఎక్కడ కళ్లు దించేశారో కాగితం మీద రాసిమ్మనండి.