పట్టుపోగు - విద్యుత్తు కొలత

హిందూపురమున పట్టుగూళ్ల విపణి కలదు. చుట్టుపట్ల గ్రామముల రైతులు మల్బరీ ఆకు మేపి పెంచిన పురుగుల గూళ్లను అచ్చటికి తెచ్చి అమ్ముదురు. ధర్మవరమున పట్టుచీరలు నేయు మగ్గములు కలవు. రెండూళ్లకు నడుమ, రైలుదారిలో, పెనుకొండ కోట కనబడును. ఈ మూడూళ్ల పిల్లలకు పట్టు క్రొత్త వస్తువు కాదు. అయినను, ఆ పట్టే ఒకప్పుడు విద్యుత్తును కొలుచు పరికరమునకు ప్రాణాధారమై యుండెనని బడిలోని మీటరును చూచినంత మాత్రమున తోచదు.

1729 లో ఇంగ్లండునందు స్టీఫెన్ గ్రే యను నతడు, రాపిడిచే పుట్టిన విద్యుత్తు త్రాటి వెంబడి ఎంత దూరము పోవునో చూడదలచెను. మిత్రుడగు వీలరుతో కూడి, పొడవైన త్రాటిని సన్నని పట్టుదారములపై వ్రేలాడదీసెను. విద్యుత్తు చివరిదాక పోయెను. ఇంతలో బరువునకు దారము తెగగా, ఇత్తడి తీగ కట్టిరి. తీగ తెగలేదు గాని, విద్యుత్తు దానిగుండ జారిపోయి చివరకు చేరలేదు. దారము సన్నదగుటలో విశేషము లేదు, పట్టుదగుటలోనే కలదని వారికి అప్పుడు తెలిసెను.

1820 లో డెన్మార్కు పండితుడు ఊర్‌స్టెడ్, ప్రవాహము గల తీగ చెంత దిక్సూచి ముల్లు కదలుటను గమనించెను. తీగను పలుచుట్లు చుట్టిన ఆ కదలిక హెచ్చునని ఆ యేడే జర్మనీయందు ష్వైగర్ చూపెను. చుట్టునకు చుట్టు తాకిన ప్రవాహము అడ్డదారి పట్టును గదా! కావున తీగకు పట్టుదారమును తొడుగుగా చుట్టుచుండిరి.

ముల్లును వ్రేలాడదీయుటలో పట్టునకు ఇంకను సున్నితమైన పని పడెను. స్వల్ప ప్రవాహమే ముల్లును త్రిప్పవలెనన్న, దానిని మోయు దారము ఎదురు తిరుగరాదు. నేతకు వాడు దారమునకు పురి యుండును. పలు పోగులు కలిపి పురి పెట్టినగాని అది మగ్గముపై నిలువదు. అట్టి దారమున కట్టిన ముల్లు, పురి విప్పుకొనుకొలది తానే తిరిగి, లేని ప్రవాహమును ఉన్నట్లు చూపును. కనుక గూటినుండి తీసిన, పురి యెరుగని పోగునే ఏరుకొనిరి. 1858 లో అట్లాంటిక్ సముద్రగర్భపు తంతి ద్వారా వచ్చిన బలహీన సంకేతములను విలియం థామ్సన్ తన దర్పణ గాల్వనామీటరుతో పట్టుకొనెను. అందలి చిన్న అద్దమును, దాని వెనుక అతికించిన అయస్కాంతపు తునకలను మోసినది పట్టుపోగే.

నేటి బడి మీటరులో పట్టు లేదు. 1882 లో దార్సన్‌వాల్ మున్నగువారు రూపొందించిన పద్ధతిలో అయస్కాంతము నిలిచియుండి తీగచుట్టయే తిరుగును. తిరిగెడి చుట్టకు ప్రవాహము చేరుటకు దానిని పట్టియుంచు లోహమే దారి కావలెను. గ్రేకు మేలు చేసిన గుణమే ఇచ్చట పట్టునకు అడ్డమయ్యెను. బల్లపై నుంచు మీటరులలో ఆ పని సన్నని స్ప్రింగులు చేయును. అవి మిక్కిలి సుకుమారములు. నిరోధము తక్కువగల అమ్మీటరును వలయమున వరుసలో కలుపవలెను. తొందరపడి, వోల్టుమీటరువలె బ్యాటరీ రెండు కొనలకు తగిలించిన, మితిమీరిన ప్రవాహము పారి ముల్లు ఒక్కపెట్టున కొనకు కొట్టుకొని వంగును. ఒక్కొక్కప్పుడు చుట్టయే కాలును. వంగిన ముల్లు అటుపిమ్మట వచ్చు విద్యార్థులకెల్ల తప్పు లెక్కనే చూపును.

పాత పద్ధతి పరికరమును మాత్రము బడిలోనే చేయవచ్చును. గూటిని వేడినీట నానబెట్టి ఒక పోగు తీసి, అయస్కాంతముపై రుద్దిన కుట్టుసూదిని దానికి అడ్డముగ కట్టి, గాలి సోకకుండ గాజుసీసాలో వ్రేలాడదీయవలెను. సూది ఉత్తర దక్షిణములుగ నిలిచిన పిదప, ఎనామెలు తీగచుట్టను సీసాకు చుట్టును అదే దిక్కున నిలిపి, టార్చి సెల్లును ఒక్క క్షణము తాకించిన చాలును, సూది ప్రక్కకు తిరుగును.