దారి చెప్పిన చాలును

తిరుపతి బస్సు నిలయము రేయింబవళ్లు నిద్రింపని తావు. కొండకు పోవువారు, కొండ దిగి వచ్చువారు, మూటలు, గుండు చేయించుకొన్న పసిబిడ్డలు, లడ్డు సంచులు, ఈ సందడి నడుమ ఒకనాడు నా మిత్రుడొకడు తెల్లని కర్ర చేతబట్టి నిలిచియుండెను. ఆతడు జన్మాంధుడు. కళాశాలలో తెలుగు బోధించు ఉపన్యాసకుడు. పని యుండి చిత్తూరునకు బయలుదేరెను. యాత్రికుడొకడు ఆతనిని చూచి జాలిపడి, దరికి వచ్చి, చేతిలో పది రూపాయల నాణెమునుంచి, నమస్కరించి వెడలిపోబోయెను. నా మిత్రుడు నాణెమును వ్రేళ్లతో తడవి, "నాయనా! ఇది నీయొద్దనే యుంచుకొనుము. చిత్తూరు బస్సు ఎచ్చట నిలిచినదో చెప్పిన చాలును" అనెను. యాత్రికుడు సిగ్గుపడెను. బస్సు జాడ ఆతనికిని తెలియదు. తుదకు ఇరువురును కలిసి వెదకికొనిరి.

మిత్రుడీ సంగతిని నవ్వుచు చెప్పెను గాని నాకు నవ్వు రాలేదు. ఏలయన నేనును ఒకప్పుడు ఆ యాత్రికుని వంటివాడనే. అది ముందు చెప్పెదను.

విద్యార్థులారా! మన సీమలో కన్నుల మాట వచ్చినచో శ్రీకాళహస్తి తలపునకు రాక మానదు. ధూర్జటి మహాకవి తన శ్రీకాళహస్తి మాహాత్మ్యమున వర్ణించిన తిన్నని కథ మీరెరిగినదే. శివలింగము కంట నెత్తురు కారగా ఆ బోయవాడు తన కన్ను పెకలించి అతికెను. రెండవ కంటను నెత్తురు కారెను. తన రెండవ కన్నును తీసిన పిమ్మట చోటు కానరాదు గదా యని తలచి, కాలు మోపి గుర్తు పెట్టుకొని, అటుపిమ్మట కన్ను పెరుకబోయెను. ఈ కథలో భక్తిని అందరును మెచ్చుకొందురు. నాకు మాత్రము ఆ కాలి గుర్తు మిక్కిలి యింపుగా నుండును. చూపు లేనివాడు స్పర్శతో చోటు గుర్తించు నుపాయమును చూపు పోకమునుపే యాతడు కనిపెట్టెను.

నేడు కన్నులిచ్చుటకు కన్నప్పవలె బాధపడవలసిన పని లేదు. మరణానంతరము ఆరు గంటలలోపల వైద్యులకు తెలిపినచో కంటి ముందుభాగమున నుండు పారదర్శకమగు పొరను, అనగా కార్నియాను, గ్రహించి మరియొకరికి అమర్చుదురు. ముదిమిలో వచ్చు శుక్లములను శస్త్రచికిత్సచే తొలగింపవచ్చును. మధురలో 1976లో వేంకటస్వామి యను వైద్యుడు స్థాపించిన అరవింద్ కంటి ఆసుపత్రికి తిరుపతిలోను శాఖ వెలసినది. కాని వైద్యమునకు లొంగని అంధత్వమును కలదు. అట్టివారికి చూపునీయజాలని మనము ఏమి చేయవలెను? ఈ ప్రశ్నకే నేను తప్పు జవాబు వ్రాసితిని.

అది 2001వ సంవత్సరము, జూన్ మాసము. చిత్తూరు జిల్లాలో ఒక పల్లెలోని ఉన్నత పాఠశాలకు నేను ప్రధానోపాధ్యాయుడనై ఏడాది నిండలేదు. వేరుసెనగ పండించు రైతొకడు పదేండ్ల కుమారుని వెంటబెట్టుకొని వచ్చెను. బాలునకు చూపు లేదు. ఊరి ప్రాథమిక పాఠశాలలో ఊరక కూర్చుండనిచ్చిరట. "అయ్యవారూ! వీనికి వినినదెల్ల నోటికి వచ్చును. ఆరవ తరగతిలో ఒక మూల కూర్చుండనిండు" అని తండ్రి చేతులు జోడించెను. నేను పద్యము చదువుమంటిని. బాలుడు గుక్క తిప్పుకొనక నాలుగు పద్యములు చదివెను. నా కన్నులు చెమర్చినవి. అయినను, "అయ్యా! వీడు వ్రాయుటెట్లు? పరీక్షలెట్లు? ఆటస్థలమున పడి దెబ్బ తగిలినచో పూచీ యెవరిది? ఇంటియొద్దనే సుఖముగా నుంచుకొనుడు" అని, జేబులోనుండి యాబది రూపాయలు తీసి యాతని చేతిలో బెట్టితిని.

అప్పుడు బాలుడు, "అయ్యవారూ! మీ బడి గంట మా యింటికి వినబడును. ఏ గంటకు ఏ పాఠమో నాకు తెలియును. నేనేల రారాదు?" అని యడిగెను. నేను బదులు చెప్పలేదు. తండ్రి యాబది రూపాయలను నా బల్లపై నుంచి, కుమారుని చేయి పట్టుకొని వెడలిపోయెను.

కసరికొట్టి పంపియుండినచో నా తప్పు నాకు ఆనాటి సాయంకాలమే తెలిసియుండెడిది. దయతో పంపితిని గనుక తెలియుటకు ఏండ్లు పట్టెను. నిజమునకు, ఆ బాలుడు మా వాకిట నిలుచుటకు ఆరేండ్ల క్రిందటనే, 1995లో, భారత పార్లమెంటు వికలాంగుల హక్కులకై ఒక చట్టము చేసియుండెను. పదునెనిమిదేండ్లు నిండువరకు అట్టి బాలలకు ఉచితముగా విద్య నేర్పవలెననియు, వారిని సాధారణ పాఠశాలలలో చేర్చుకొనుటకు ప్రయత్నింపవలెననియు అందు కలదు. నేను ఛందస్సు చదివితిని, అలంకారములు చదివితిని. ఆ చట్టము చదువలేదు.

"వ్రాయుటెట్లు?" అని నేనడిగిన ప్రశ్నకు జవాబు నూట డెబ్బది యేండ్లకు పూర్వమే లభించియుండెను. కనుగొన్నవాడును ఒక అంధ బాలుడే. లూయీ బ్రెయిలి 1809 జనవరి 4వ తేదీన పారిస్ నగరమునకు సమీపమున కూవ్రే యను గ్రామములో జన్మించెను. తండ్రి గుఱ్ఱపు జీనులు కుట్టువాడు. మూడేండ్ల ప్రాయమున లూయీ తండ్రి పనిముట్లతో ఆడుకొనుచుండగా తోలు గ్రుచ్చు ఆరె కంట దిగబడెను. ఆ పుండు రెండవ కంటికిని సోకి చూపు పూర్తిగా పోయెను. పదవ యేట పారిస్‌లోని అంధుల పాఠశాలలో చేరెను. అచ్చటి పుస్తకములలో మామూలు అక్షరములనే ఉబ్బెత్తుగా అచ్చొత్తియుండిరి. అవి మోయలేనంత బరువు. తడవి చదువుటకు ఎంతయో ఆలస్యము. వానితో వ్రాయుట అసాధ్యము. బార్బియే యను సైనికోద్యోగి చీకటిలో దీపము లేక చదువుకొనుటకు పండ్రెండు చుక్కల పద్ధతి నొకదానిని కల్పించియుండెను. లూయీ దానిని ఆరు చుక్కలకు కుదించి, వ్రేలికొన క్రింద ఒక్క అక్షరము పూర్తిగా ఇముడునట్లు సవరించెను. అప్పటి కాతని వయస్సు పదునైదేండ్లు. 1829లో ఆ పద్ధతిని పుస్తకరూపమున వెలువరించెను.

దానిని లోకము వెంటనే తలకెత్తుకొనెనా? లేదు. 1840 తరువాత ఆ పాఠశాలకు వచ్చిన క్రొత్త అధ్యక్షుడు చుక్కల అక్షరములను నిషేధించెను. కన్నులున్నవారు చదువలేని లిపి తగదని యాతని వాదము. విద్యార్థులు మాత్రము రహస్యముగా ఆ చుక్కలతోనే వ్రాసికొనిరి. తుదకు అధ్యక్షుడే దిగివచ్చెను. 1852లో బ్రెయిలి మరణించెను. ఫ్రెంచి ప్రభుత్వము ఆ లిపిని అంగీకరించినది 1854లో.

మన భాషలకు ఈ లిపి కుదిరిన తీరు విన్నచో మీకు వేడుక కలుగును. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట, 1951లో, భారతీయ భాషలకెల్ల ఒక్క పద్ధతి యేర్పడినది. దానికి భారతి బ్రెయిలి యని పేరు. రెండు నిలువు వరుసలలో మూడేసి చుక్కలు. ఎడమ వరుసలో పైనుండి ఒకటి, రెండు, మూడు. కుడి వరుసలో నాలుగు, అయిదు, ఆరు. పై యెడమ చుక్క యొక్కటియే యున్నచో 'అ'. ఒకటి, మూడు చుక్కలు 'క'. ఒకటి, మూడు, నాలుగు 'మ'. ఎడమ వరుస నిండుగా నున్నచో 'ల'. ఇక 'కమల' యని మీరే వ్రాయగలరు. గుణింతములకు వేరు రూపములు లేవు. 'కి' వ్రాయవలెనన్న 'క' ప్రక్కన 'ఇ' యుంచుదురు. ఒత్తులును లేవు, రెండు హల్లులు కలియుచోట ముందుగా నాలుగవ చుక్క నొకదాని నుంచిన చాలును. చిత్తూరు సీమలో తెలుగు, తమిళము, కన్నడము మూడును వీథివీథిని వినబడును. అంగళ్ల పలకలపై మూడు లిపులును కనబడును. చూపున్న మనము మూడింటిని వేరువేరుగా నేర్వవలెను. బ్రెయిలిలో తెలుగు 'క'యు, తమిళ 'క'యు, కన్నడ 'క'యు ఒక్కటే.

దీనిని వ్రాయుటకు గళ్లు గల ఒక పలక, మొనగల ఒక చిన్న సాధనము చాలును. కాగితమును వెనుకనుండి పొడిచి వ్రాయుదురు గనుక కుడినుండి ఎడమకు వ్రాసి, కాగితము త్రిప్పి ఎడమనుండి కుడికి చదువుదురు. ఇప్పుడు అక్షరములను చదివి వినిపించు చరవాణులు వచ్చినవి; మేలే. అయినను వినినవానికి 'ళ'యో 'ల'యో సందేహము మిగులును. వ్రేలితో చదివినవానికి ఆ సందేహము లేదు. తెలుగు పండితునిగా నా పక్షపాతము అక్షరము వైపే.

అక్షరము వచ్చిన తరువాత మనుష్యుడు ఊరకుండడు. తన హక్కు నడుగును. మన దేశములో అంధులే తమకై 1970లో జాతీయ అంధుల సమాఖ్యను నెలకొల్పుకొనిరి. 1980లో ఉద్యోగములు కోరుచు ఢిల్లీ వీథులలో నడచిన అంధులపై పోలీసులు లాఠీలు ప్రయోగించిరి. ఇందాక చెప్పిన 1995 నాటి చట్టము అట్టి ఆందోళనల ఫలమే. అందు ప్రభుత్వోద్యోగములలో అంధులకు నూటికి ఒకటి ప్రత్యేకించిరి. ఆ ఒక్కటిని లెక్కించు విధము పై చిక్కు వచ్చి, సమాఖ్య న్యాయపోరాటము సాగించి, 2013లో సుప్రీం కోర్టులో గెలిచెను. 2016లో మరింత విస్తృతమైన చట్టము వచ్చినది. 2025 మార్చిలో, అంధులను న్యాయమూర్తుల పదవులకు పోటీపడకుండ అడ్డగింపరాదని అదే న్యాయస్థానము తీర్పు చెప్పినది.

మన తెలుగువారిలో బొల్లా శ్రీకాంత్ కథ చాలమంది వినియుందురు. మచిలీపట్నము చెంత సీతారామపురములో రైతు కుటుంబమున పుట్టిన అంధుడు. పదవ తరగతి పిమ్మట గణితము, విజ్ఞానశాస్త్రము చదువగోరగా, పటములు, రేఖాచిత్రములు అంధులకు సాధ్యము గావని నిబంధనలు అడ్డు వచ్చినవి. ఆతడు తన ఉపాధ్యాయురాలి తోడ్పాటుతో న్యాయస్థానమునకు పోయి, అనుమతి సాధించి, ఆ చదువులో నూటికి తొంబది యెనిమిది మార్కులు పొందెను. పిదప అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చదివి, 2012లో హైదరాబాదులో పరిశ్రమ స్థాపించి వికలాంగులకు పనులు కల్పించెను.

విజయనగరములో 1919లో వెలసిన సంగీత పాఠశాల సంగతియు ఇట్టిదే. సంస్థానోద్యోగి యొకని అంధ కుమారునకు సంగీతము నేర్పింపవలెనను తలంపుతో మహారాజు దానిని స్థాపించెనని చెప్పుదురు. ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడు. మందదృష్టి గల ద్వారం వెంకటస్వామి నాయుడు అచ్చట వయొలిన్ బోధించి, 1936లో తానే అధ్యక్షుడయ్యెను. ఘంటసాల, సుశీల అచ్చట చదివినవారే. రాజు ఆ బాలునకు నెలకింత భరణమిచ్చి యూరకున్నచో తెలుగునాటికి ఆ పాఠశాల దక్కెడిది కాదు.

మీకు చట్టములు చేయు వయస్సు రాలేదు. మీ చేతిలోనున్న పనులు వేరు. అంధుని రోడ్డు దాటించునపుడు ఆతని చేయి గాని కర్ర గాని పట్టి లాగరాదు. ముందుగా అడిగి, మీ మోచేయి యందీయవలెను. ఆతడే పట్టుకొని మీకంటె అడుగు వెనుకగా నడచును. మెట్లు వచ్చినపుడు ఎక్కుటయో దిగుటయో చెప్పవలెను. వదలి పోవునపుడు పోవుచున్నానని చెప్పవలెను. లేనిచో ఆ పెద్దమనుష్యుడు గాలితో మాటలాడుచుండును. ఇంకొక పని కలదు. పదవ తరగతి పరీక్షలలో అంధ విద్యార్థి జవాబులు చెప్పుచుండగా వ్రాయుటకు లేఖకుడు కావలెను. ఆ పనికి తరచుగా తొమ్మిదవ తరగతివారిని పిలుతురు. అనగా వచ్చే యేడు మిమ్ము పిలువవచ్చును. ఈ విధముగా వ్రాయువారికి గంటకు ఇరువది నిమిషములకు తక్కువ గాకుండ అదనపు సమయ మీయవలెనని 2013లో కేంద్రప్రభుత్వము మార్గదర్శకములు వెలువరించినది. సమయమిచ్చుట సులభమే. వ్రాయు చేయి దొరకుటయే కష్టము.

ఆ కష్టము నాకు 2006 మార్చిలో తెలిసినది. అప్పటికి నేను పట్టణములోని మరియొక పాఠశాలకు బదిలీయై, పరీక్షా కేంద్రమునకు అధికారిగా నుంటిని. తొలినాడు తెలుగు పరీక్ష. గంట కొట్టుటకు పావుగంట యున్నది. అంధ విద్యార్థి యొకడు తన గదిలో కూర్చుండెను. వానికి ఏర్పాటైన లేఖకునకు రాత్రి జ్వరము వచ్చినదని కబురందినది. నేను కంగారుతో ఆ గదిలోనికి పోయి నలువురితో నాలుగు మాటలాడితిని. ఆ విద్యార్థి ముఖము నావైపు త్రిప్పి, "అయ్యవారూ! మీ గొంతు నాకు గుర్తున్నది. మీ బడి గంట మా యింటికి వినబడెడిది. కంగారుపడకుడు, ఎవరైన దొరకుదురు" అనెను.

నాకు కాళ్లలో సత్తువ పోయెను. పై యధికారికి ఫోను చేసి అనుమతి యడుగుచునే వీథిలోనికి పరుగెత్తితిని. మా తొమ్మిదవ తరగతి బాలిక యొకతె ఎదుటి యింటి మిద్దెపై తల్లితో కూడి వడియములు పెట్టుచుండెను. సంగతి చెప్పితిని. తల్లి ఒక్క క్షణము ఆలోచించి, "పో తల్లీ" అనెను. ఆ బాలిక చేతికంటిన పిండి కడుగుకొనకయే మెట్లు దిగి వచ్చి, కొళాయి యొద్ద చేతులు తొలచుకొని, ఆయాసపడుచు అతని ప్రక్కన కూర్చుండెను.

"చెల్లీ! నీ దస్తూరి బాగుండునా?" అని యాతడడిగెను.

"బాగుండదన్నా. మా అయ్యవారు దినమును కోపగించుకొందురు" అని యామె నావైపు చూచి తల వంచుకొనెను.

"అట్లయిన నిదానముగా చెప్పెదను. తొందరపడకుము. ఒత్తులు మాత్రము విడువకుము."

గంట కొట్టిరి. ఆతడు తల యెత్తి వినెను. "ఇక మొదటి ప్రశ్న చదువుము" అనెను.