మందుల కిటికీ నుంచి రోగి మంచం దాకా: ఆస్పత్రి ఫార్మసిస్టు రెసిడెన్సీ

ఫార్మసీ డిగ్రీ చేతికొచ్చాక, స్టైపెండ్ తీసుకుంటూ, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో ఆస్పత్రిలోనే పొందే శిక్షణ ఫార్మసిస్టు రెసిడెన్సీ. ఇది అమెరికాలో పుట్టి, అక్కడే పూర్తి వ్యవస్థగా ఎదిగింది. డాక్టర్ల రెసిడెన్సీకీ దీనికీ ముఖ్యమైన తేడా ఒకటుంది. రెసిడెన్సీ శిక్షణ లేనిదే అమెరికాలో డాక్టరు సాధారణంగా ప్రాక్టీసు పెట్టలేరు. ఫార్మసిస్టుకు మాత్రం లైసెన్సు ఉంటే చాలు, మందుల దుకాణంలోనో ఆస్పత్రి ఫార్మసీలోనో ఉద్యోగంలో చేరిపోవచ్చు. అయితే వార్డుల్లో డాక్టర్లతో కలిసి తిరుగుతూ మందుల ఎంపికలో, మోతాదులో పాలుపంచుకునే క్లినికల్ ఫార్మసిస్టు పోస్టులకు పెద్ద ఆస్పత్రులు ఎక్కువగా రెసిడెన్సీ చేసినవారినే కోరుతున్నాయి. ఏ మందు ఎలా పనిచేస్తుందో డిగ్రీ చదువు చెబుతుంది. ఎదుట ఉన్న ఈ రోగికి ఈ రోజు ఏం చేయాలో నిర్ణయించే నేర్పు మాత్రం వార్డులోనే వస్తుంది. రెసిడెన్సీ ఉన్నది అందుకే.

వందేళ్ల నేపథ్యం

ఈ శిక్షణకు బీజం 1927లో పడింది. మిషిగన్ విశ్వవిద్యాలయ ఆస్పత్రిలో హార్వీ ఎ.కె. విట్నీ ఆస్పత్రి ఫార్మసీ ఇంటర్న్‌షిప్‌ను ఆరంభించారు. 1942లో అమెరికా ఆస్పత్రి ఫార్మసిస్టుల సంఘం ఏర్పడినప్పుడు తొలి అధ్యక్షుడు ఆయనే. నేడు ఏఎస్‌హెచ్‌పీగా పిలిచే ఆ సంఘం 1948లో ఇంటర్న్‌షిప్‌లకు ప్రమాణాలు రాసింది. 1960ల నుంచి రెసిడెన్సీలకు గుర్తింపు ఇస్తోంది. రోగులతో నేరుగా పనిచేసే కొత్త గ్రాడ్యుయేట్లందరికీ 2020 నాటికి మొదటి ఏడాది రెసిడెన్సీ తప్పనిసరి కావాలని 2007లో ఒక విధానాన్ని కూడా ఆమోదించింది. అది చట్టం కాలేదు. కానీ చట్టం చేయని పనిని ఉద్యోగ ప్రకటనలు చాలావరకు చేశాయి.

రెండు మెట్లు

మొదటి మెట్టును పీజీవై-1, అంటే పట్టా తర్వాతి మొదటి ఏడాది అంటారు. వ్యవధి 12 నెలలు, సాధారణంగా జూన్ చివర్లో గానీ జులైలో గానీ మొదలవుతుంది. ఇది ఏ ఒక్క విభాగానికీ పరిమితం కాని సాధారణ శిక్షణ. ఇందులో ఆస్పత్రి ఆధారిత కోర్సులే ఎక్కువ. కమ్యూనిటీ ఫార్మసీలకూ, బీమా సంస్థల మందుల నిర్వహణకూ సంబంధించిన కోర్సులు వేరుగా ఉంటాయి.

రెండో మెట్టు పీజీవై-2. ఇది మరో ఏడాది సాగే స్పెషాలిటీ శిక్షణ. క్యాన్సర్, క్రిటికల్ కేర్, అంటువ్యాధులు, అవయవ మార్పిడి, పిల్లల వైద్యం, గుండె జబ్బులు, మానసిక వైద్యం, ఎమర్జెన్సీ, ఇన్ఫర్మాటిక్స్ వంటి విభాగాలున్నాయి. పీజీవై-1 పూర్తిచేసినవారికే ఇందులో ప్రవేశం. ఫార్మసీ శాఖను నడిపే నాయకత్వ పదవులు లక్ష్యంగా పెట్టుకున్నవారికి పీజీ డిగ్రీతో కలిపిన రెండేళ్ల పరిపాలన రెసిడెన్సీలు ఉన్నాయి.

ఏడాది పొడవునా ఏం నేర్పుతారు?

తొలి వారాలు ఆస్పత్రి పద్ధతులు, కంప్యూటర్ వ్యవస్థ, మందుల పంపిణీ అలవాటు చేసుకోవడానికే సరిపోతాయి. ఆ తర్వాత జనరల్ మెడిసిన్, ఐసీయూ, ఔట్‌పేషెంట్ క్లినిక్, ఫార్మసీ పరిపాలన వంటి విభాగాల్లో కొన్ని వారాల చొప్పున రొటేషన్లు నడుస్తాయి. వీటికి సమాంతరంగా ఏడాదంతా సాగే పనులు మరికొన్ని ఉంటాయి. వారాంతాల్లో వంతులవారీగా ఫార్మసీ డ్యూటీ చేయాలి. ఒక పరిశోధన ప్రాజెక్టు పూర్తిచేసి, వసంతకాలంలో జరిగే ప్రాంతీయ రెసిడెన్సీ సదస్సులో సమర్పించాలి. ఏదైనా కొత్త మందును ఆస్పత్రి జాబితాలో చేర్చాలా వద్దా అన్నదానిపై సమీక్ష రాయాలి. విద్యార్థులకు, నర్సులకు పాఠాలు చెప్పాలి.

రొటేషన్‌లో రెసిడెంట్‌కు గురువు ప్రిసెప్టర్. ఆయన పాత్ర నాలుగు దశల్లో మారుతుంది. మొదట తెలియనిది బోధిస్తారు. తర్వాత తాను చేస్తూ, ఎందుకలా చేస్తున్నారో పైకి చెబుతారు. మూడో దశలో రెసిడెంట్ చేస్తుంటే పక్కనుండి దిద్దుతారు. చివరికి రెసిడెంట్‌ను సొంతంగా పనిచేయనిచ్చి, అవసరమైతే అందుబాటులో ఉంటారు. ప్రతి దశలోనూ రాతపూర్వక మదింపు ఉంటుంది. కోర్సు మొత్తానికి బాధ్యత ప్రోగ్రామ్ డైరెక్టర్‌ది.

ఒక రోగి, ఒక మందు

ఈ శిక్షణ విలువ ఒక ఉదాహరణతో స్పష్టమవుతుంది. మామూలు యాంటీబయాటిక్స్‌కు లొంగని ఎంఆర్‌ఎస్‌ఏ బ్యాక్టీరియా రక్తంలోకి చేరిన రోగికి ఐసీయూలో వాంకోమైసిన్ ఎక్కిస్తున్నారు. ఈ మందు మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది. మోతాదు మించితే ఆ మూత్రపిండాలనే దెబ్బతీస్తుంది. గతంలో తర్వాతి డోసుకు ముందు రక్తంలో ఎంత మందు మిగిలిందో చూసి మోతాదు నిర్ణయించేవారు. తీవ్రమైన ఎంఆర్‌ఎస్‌ఏ ఇన్‌ఫెక్షన్లలో 24 గంటల్లో శరీరం మొత్తంగా ఎంత మందుకు లోనైందో లెక్కగట్టి, ఏయూసీ అనే ఆ విలువను 400 నుంచి 600 మధ్య ఉంచాలని 2020లో అమెరికా మార్గదర్శకాలు సూచించాయి.

ఇంతవరకు పాఠ్యాంశమే. వార్డులో ఆ ఉదయం కనిపించేది వేరు. మూత్రపిండాల పనితీరును సూచించే క్రియాటినిన్ నిన్న 1.1, ఈ రోజు 1.8. మూత్రం తగ్గింది. పక్కనే పైపెరాసిల్లిన్-టాజోబాక్టమ్ కూడా ఎక్కుతోంది. రెండూ కలిస్తే మూత్రపిండాలకు ముప్పు పెరుగుతుందని అధ్యయనాలు హెచ్చరించాయి. రక్త నమూనా తీసిన వేళ సరైనదేనా? డోసు ఆలస్యమై ఉంటే ఆ అంకెకు అర్థమే మారిపోతుంది. నర్సును అడిగి, చార్టు చూసి రెసిడెంట్ ఆ సంగతి తేల్చుకోవాలి. తర్వాతి డోసు ఆపి మళ్లీ పరీక్ష చేయించాలా, మందే మార్చాలా అన్నది రౌండ్స్ మొదలయ్యేలోపు ఆలోచించి పెట్టుకోవాలి. డాప్టోమైసిన్‌కు మారదామనుకుంటే, ఇన్‌ఫెక్షన్ మూలం ఊపిరితిత్తుల్లో ఉందేమో ముందు చూడాలి. ఊపిరితిత్తుల్లోని సర్ఫాక్టెంట్ ఆ మందును నిర్వీర్యం చేస్తుంది కాబట్టి న్యుమోనియాలో అది పనికిరాదు. ఇవన్నీ బేరీజు వేసి, డాక్టర్ల బృందం ముందు రెండు మూడు వాక్యాల్లో తన సూచనను కారణంతో సహా చెప్పగలగాలి. మర్నాడు ఫలితం ఏమైందో చూసుకోవాలి. ఏడాదిలో ఇలాంటి సందర్భాలు వందల్లో ఎదురవుతాయి. తీర్పు పదునెక్కేది వాటితోనే.

పని గంటలు, ఆదాయం

ఇది సుఖమైన ఏడాది కాదు. నాలుగు వారాల సగటున వారానికి 80 గంటలకు మించి పని చేయించకూడదనీ, అదే సగటున ఏడు రోజులకు ఒక రోజు పూర్తి సెలవు ఇవ్వాలనీ నిబంధన ఉంది. బయట అదనంగా ఉద్యోగం చేస్తే ఆ గంటలూ ఈ 80లోకే వస్తాయి. స్టైపెండ్ ఆస్పత్రిని బట్టి మారుతుంది, సాధారణంగా పూర్తిస్థాయి ఫార్మసిస్టు జీతంలో సగం లేదా అంతకన్నా తక్కువ. 2023లో అమెరికా ఫార్మసిస్టుల మధ్యస్థ వార్షిక వేతనం 1,36,030 డాలర్లు. చదువు అప్పు ఉన్నవారికి ఈ తేడా పెద్ద భారమే. దాన్ని ముందే లెక్కలోకి తీసుకోవాలి.

ప్రతిఫలం తర్వాత అందుతుంది. క్లినికల్ పోస్టులకు పోటీపడే అర్హత వస్తుంది. 1976లో ఏర్పడిన బోర్డ్ ఆఫ్ ఫార్మసీ స్పెషాల్టీస్ నిర్వహించే సర్టిఫికేషన్ పరీక్షలకు కావలసిన అనుభవ కాలం తగ్గుతుంది. ఫార్మసీ కళాశాలల్లో క్లినికల్ అధ్యాపక పదవులకూ దారి తెరుచుకుంటుంది.

ఎంపిక విధానం

దరఖాస్తులన్నీ ఫార్‌కాస్ అనే ఉమ్మడి ఆన్‌లైన్ వ్యవస్థ ద్వారా వెళ్తాయి. సీవీ, మార్కుల పత్రాలు, ప్రతి కోర్సుకూ విడిగా రాసిన ఉద్దేశ లేఖ, సాధారణంగా మూడు సిఫారసు లేఖలు అవసరం. డిసెంబరులో జరిగే ఏఎస్‌హెచ్‌పీ మిడ్‌ఇయర్ సమావేశంలో ఆస్పత్రులు తమ కోర్సులను పరిచయం చేస్తాయి. కొత్త ఏడాది తొలి నెలల్లో ఇంటర్వ్యూలు ఉంటాయి. ఇంటర్వ్యూలో ఒక కేసు ఇచ్చి పరిష్కరించమనడం, చిన్న ప్రసంగం చేయమనడం మామూలు.

ఆ తర్వాత మ్యాచ్. అభ్యర్థులు తమకు నచ్చిన కోర్సులను, కోర్సులు తమకు నచ్చిన అభ్యర్థులను వరుసక్రమంలో రాసి ఇస్తారు. కంప్యూటర్ రెండు జాబితాలనూ జతచేస్తుంది. వచ్చిన ఫలితానికి ఇరుపక్షాలూ కట్టుబడాలి. అందుచేత చేరే ఉద్దేశం లేని కోర్సును జాబితాలో రాయకూడదు. వచ్చే అవకాశాన్ని ఊహించి కాక, నిజమైన ఇష్టం ప్రకారమే వరుస పేర్చడం అభ్యర్థికి మేలు. మొదటి దశలో సీటు రానివారికి రెండో దశ ఉంటుంది.

తెలుగు రాష్ట్రాల విద్యార్థులకు దారి

ఏఎస్‌హెచ్‌పీ నిబంధనల ప్రకారం అమెరికాలో గుర్తింపు పొందిన కళాశాలల పట్టభద్రులతో పాటు, ఎఫ్‌పీజీఈసీ సర్టిఫికెట్ ఉన్న విదేశీ పట్టభద్రులకూ రెసిడెన్సీకి అర్హత ఉంది. ఆ సర్టిఫికెట్‌ను అమెరికా ఫార్మసీ బోర్డుల జాతీయ సంఘం ఎన్‌ఏబీపీ ఇస్తుంది. 2003 జనవరి 1 నుంచి పట్టా పొందినవారు కనీసం ఐదేళ్ల ఫార్మసీ కోర్సు చదివి ఉండాలన్నది దాని షరతు. నాలుగేళ్ల బీఫార్మసీకి తలుపు మూసుకునేది ఇక్కడే. ఈఏపీసెట్ ద్వారా ప్రవేశం లభించే ఆరేళ్ల ఫార్మ్‌డీకి ఆ అడ్డంకి లేదు. ఇంటర్ పూర్తిచేసి కోర్సు ఎంచుకునే రోజునే తెలిసి ఉండాల్సిన విషయమిది.

సర్టిఫికెట్ కోసం మార్కుల పత్రాల మూల్యాంకనం, టోఫెల్, ఎఫ్‌పీజీఈఈ పరీక్ష దాటాలి. ఆపై ఎంచుకున్న రాష్ట్రంలో ఇంటర్న్ గంటలు పూర్తిచేసి, నాప్లెక్స్ అనే లైసెన్సు పరీక్షతో పాటు ఫార్మసీ చట్టాల పరీక్షలోనూ ఉత్తీర్ణులైతే లైసెన్సు వస్తుంది. రెసిడెన్సీ కాలంలో కనీసం మూడింట రెండు వంతులు లైసెన్సున్న ఫార్మసిస్టుగానే పనిచేయాలి. అంటే చేరిన నాలుగు నెలల్లోపే లైసెన్సు చేతికి రావాలి. కనుక విదేశీ అభ్యర్థులు లైసెన్సు సంపాదించాకే దరఖాస్తు చేయడం క్షేమం.

రెండు జాగ్రత్తలు అవసరం. చాలా ఆస్పత్రులు రెసిడెంట్లకు వీసా స్పాన్సర్ చేయవు. ప్రతి కోర్సు ప్రకటనలోనూ ఆ వాక్యాన్ని వెతికి చదివాకే ఫీజు కట్టాలి. ఇక అమెరికాలో ఫార్మాస్యూటికల్ సైన్సెస్‌లోనో, రెగ్యులేటరీ అఫైర్స్‌లోనో ఎంఎస్ చేస్తే ఫార్మసిస్టు లైసెన్సుకు అర్హత రాదు. అది పరిశ్రమ ఉద్యోగాల దారి. రెండింటినీ కలిపి చెప్పే కన్సల్టెన్సీల మాటలు నమ్మి అప్పు చేయడం ప్రమాదం.

ఇక్కడే ఉండి ఎదగాలనుకుంటే

డాక్టర్లకున్నట్టుగా ఫార్మసిస్టులకు దేశవ్యాప్త రెసిడెన్సీ వ్యవస్థ భారత్‌లో లేదు. 2008 నిబంధనలతో మొదలైన ఫార్మ్‌డీలో ఆరో ఏడాది ఇంటర్న్‌షిప్పే దానికి దగ్గరగా ఉంటుంది. అందులో ఆరు నెలలు జనరల్ మెడిసిన్‌లో, రెండేసి నెలల చొప్పున మరో మూడు స్పెషాలిటీల్లో పనిచేయాలి. సంతకాల కోసం కాక రెసిడెంట్‌లా గడిపితే ఆ ఏడాది చాలా ఇస్తుంది. రోజుకు కనీసం ఇద్దరు ముగ్గురు రోగుల మందులను మొదటి నుంచి చివరి దాకా పరిశీలించడం, గుర్తించిన పొరపాట్లనూ చేసిన సూచనలనూ రోగి పేరు లేకుండా ఒక పుస్తకంలో రాసుకోవడం, దుష్ప్రభావాలను జాతీయ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి నివేదించడం, వారానికో పరిశోధన వ్యాసం చదివి తోటివారితో చర్చించడం అందరికీ సాధ్యమయ్యే పనులే. విదేశీ దరఖాస్తులో సిఫారసు లేఖకు బలమిచ్చేది ఈ పనిని కళ్లారా చూసిన డాక్టరో అధ్యాపకుడో రాసిన మాటే.

బీఫార్మసీ చేసినవారు ఎంఫార్మసీలో ఫార్మసీ ప్రాక్టీస్‌ను గానీ, మూడేళ్ల పోస్ట్ బాకలారియేట్ ఫార్మ్‌డీని గానీ ఎంచుకుని క్లినికల్ రంగంలోకి రావచ్చు. ఆస్పత్రిలో కొన్నేళ్ల అనుభవం వచ్చాక బోర్డ్ ఆఫ్ ఫార్మసీ స్పెషాల్టీస్ పరీక్షలను భారత్‌లో పనిచేస్తున్న ఫార్మసిస్టులూ రాయవచ్చు. కార్పొరేట్ ఆస్పత్రుల్లో క్లినికల్ ఫార్మసిస్టు, మందుల భద్రత, యాంటీబయాటిక్ వినియోగ పర్యవేక్షణ పోస్టులకు ఆ సర్టిఫికేషన్ అదనపు బలం అవుతుంది.

ఎవరికి తగినది?

రోగితో, బంధువులతో, డాక్టర్లతో ఓర్పుగా మాట్లాడగలగాలి. తెలియనప్పుడు తెలియదని ఒప్పుకుని, వెతికి తెలుసుకుని తిరిగి వచ్చి చెప్పే అలవాటు ఉండాలి. తప్పు దిద్దినప్పుడు నొచ్చుకోకుండా నేర్చుకోగలగాలి. ఈ మూడూ ఉన్నవారికి రెసిడెన్సీ సరిపోతుంది. వెంటనే స్థిరమైన ఆదాయం కావలసినవారికి, పరిశ్రమపైనో పరిశోధనపైనో ఆసక్తి ఉన్నవారికి వేరే దారులే మేలు. అమెరికా దారి ఎంచుకున్న ఫార్మ్‌డీ విద్యార్థి నాలుగో ఏడాదికల్లా ఇంగ్లిష్ సంభాషణ సాధన మొదలుపెట్టి, ఆరో ఏడాదికల్లా ఎన్‌ఏబీపీ నిబంధనలను, వీసా పరిస్థితిని, ఖర్చును కుటుంబంతో కూర్చుని లెక్కవేసుకోవాలి. పట్టా తర్వాత పరీక్షలకు, ఇంటర్న్ గంటలకు కొన్నేళ్లు పట్టవచ్చని కూడా ఆ లెక్కలో కలుపుకోవాలి.