యుద్ధానికి తప్పు ఎవరిది? – రోహిణీ నది చెప్పే పాఠం



1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, మన పక్కనున్న కాకినాడ మీద బాంబులు వేశాయి. జపాన్‌లో బౌద్ధం వందల ఏళ్లుగా ఉంది. మరి ఆ దేశమే బాంబులు ఎలా వేసింది? అంత పెద్ద యుద్ధానికి తప్పు ఒక్క దేశానిదేనా? ఈ రెండు ప్రశ్నలే ఇవాళ్టి పాఠం.

రోహిణీ నది దగ్గర

కాలవ నీటి వంతుల తగాదా ఎలా ఉంటుందో కోనసీమ వాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. శాక్యులకీ కోలియులకీ వచ్చింది కూడా అలాంటి తగాదాయే. రోహిణీ నది నీళ్ల దగ్గర రెండు వైపులా పనివాళ్లు కొట్టుకున్నారు. తప్పంతా కోలియులదే, యుద్ధం చేద్దాం అన్నాడు శాక్య సేనాపతి. సిద్ధార్థుడు ఒప్పుకోలేదు. మనవాళ్లూ చెయ్యి చేసుకున్నారట, అది నిజమైతే మన తప్పూ ఉన్నట్టే కదా అన్నాడు. ఇటు ఇద్దరు, అటు ఇద్దరు, ఆ నలుగురూ ఎంచిన ఐదో మనిషి కూర్చుని తేల్చాలన్నాడు. సంఘం వినలేదు. దాంతోనే ఆయన ఇల్లు విడిచాడని బాబాసాహెబ్ తన ‘బుద్ధుడు–ఆయన ధమ్మం’లో రాశారు.

ఒక్కరి మీదే వేస్తే

మొదటి ప్రపంచ యుద్ధం 1914లో ఆస్ట్రియా సెర్బియా మీదికి వెళ్లడంతో మొదలైంది. రష్యా, జర్మనీ, ఫ్రాన్స్, బ్రిటన్ వరసగా దిగాయి. 1919 వెర్సాయ్ సంధి 231వ అధికరణం మాత్రం నష్టానికంతటికీ బాధ్యత జర్మనీ, దాని మిత్రదేశాల మీదే పెట్టింది. ఆ అవమానాన్ని హిట్లర్ వాడుకున్నాడు.

అయితే జాగ్రత్త! అవమానం జరిగింది కాబట్టి హిట్లర్ చేసింది సబబని కాదు. 1939లో పోలండ్ మీద దాడి అతని నిర్ణయమే. బాబాసాహెబ్ కూడా "అందరూ ఒకటే" అని ఊరుకోలేదు. నాజీలు గెలిస్తే స్వేచ్ఛకి చోటుండదని తేల్చి చెప్పారు.

ధమ్మం ఏమంటుంది?

పటిచ్చసముప్పాదం ప్రకారం ఏదీ ఒక్క కారణంతో పుట్టదు. కానీ చేతనే కమ్మం, అంటే బుద్ధిపూర్వకంగా చేసినవాడు బాధ్యత తప్పించుకోలేడు. కారణాలు ఎన్నైనా ఉండొచ్చు, లెక్క మాత్రం ఎవరు చేసింది వాళ్లే చెప్పాలి. కాకినాడ మీద బాంబుకి జపాన్ పాలకులు బాధ్యులు. మనల్ని అడక్కుండా 1939లో ఈ దేశాన్ని యుద్ధంలోకి దించినందుకు బ్రిటిష్ ప్రభుత్వం జవాబు చెప్పాలి. జపాన్‌లో నాట్లు వేసుకునే రైతుకూలీ ఏం చేశాడు? ఇక బౌద్ధం అనే పేరు ఏ దేశాన్నీ కాపాడదు, ఆచరణే కాపాడుతుంది. ఇది మనకీ వర్తిస్తుంది.

మన ఊళ్లో

జిల్లాకి బాబాసాహెబ్ పేరు వద్దంటూ 2022 మే 24న అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు. మన గుండె మండింది. "ఆ కులపోళ్లంతా ఇంతే" అన్న మాట మన నోటి నుంచీ వచ్చింది. నిప్పు పెట్టినవాడికి, పెట్టించినవాడికి చట్టప్రకారం శిక్ష పడాల్సిందే, అందులో రాజీ లేదు. కానీ పుట్టుకని బట్టి తప్పు అంటగట్టడం మనువు పద్ధతి. దానితో తరతరాలు నలిగినవాళ్లం, అదే పద్ధతి మనం ఎత్తుకుంటామా?

వచ్చే పౌర్ణమికి చర్చ

1. మీ పేటలో ఈమధ్య జరిగిన ఒక తగాదా తీసుకోండి. ఎవరెవరి పాత్ర ఎంత?
2. అందులో మనవైపు తప్పేమిటి?
3. తేల్చడానికి ఆ ఐదో మనిషిగా ఎవరిని పిలుస్తారు?

భవతు సబ్బ మంగళం.