కంటిపై మందు నిలిచేదెట్లు?

సున్నం కొట్టే కూలివాని కంటిలో సున్నపునీరు చిందినా, తాంబూలపు సున్నం పొట్లాన్ని పిల్లవాడు నొక్కగా అది కంటిలోకి చిమ్మినా, మొదట దెబ్బ తినేది కార్నియా. నల్లగుడ్డుపై గడియారపు అద్దంవలె అమరిన ఈ పారదర్శకమైన పొర మందం మధ్యభాగంలో సుమారు అర మిల్లీమీటరు మాత్రమే. దీనిలో రక్తనాళాలు లేవు. వెలుతురు అడ్డులేక లోపలికి పోవడానికి అదియొక కారణం. అయితే రక్తం చేరని చోటికి మింగిన మాత్ర ప్రభావమూ అంతగా చేరదు. అందుచేత కార్నియా గాయాలకు పైనుండి వేసే చుక్కలే ప్రధాన చికిత్స.

చుక్కలలోని చిక్కు

సీసానుండి పడే ఒక చుక్క సుమారు 30 నుండి 50 మైక్రోలీటర్లు. కన్ను పట్టుకోగలిగినది ఇంచుమించు 30 మాత్రమే. మిగిలినది చెంపపైకి జారిపోతుంది. లోపల నిలిచినదానిని సైతం రెప్పపాట్లు, కొత్తగా ఊరే కన్నీరు కొద్ది నిమిషాలలోనే ముక్కులోకి పోయే నాళం గుండా తోసివేస్తాయి. మందు వేసిన తరువాత గొంతులో చేదు తగలడం ఇందువల్లనే. కంటి లోపలికి చేరేది వేసినదానిలో సాధారణంగా 5 శాతానికి మించదు. కనుకనే తీవ్రమైన పుండుకు గంటగంటకు, రాత్రివేళ సైతం చుక్కలు వేయవలసివస్తుంది. దినకూలికి పోయేవారికి ఇది మిక్కిలి కష్టం. కాని చికిత్స మధ్యలో మానితే పుండు ముదురుతుంది. అది మాని మచ్చ పడితే చూపు శాశ్వతంగా మసకబారవచ్చు.

కొత్త మార్గాలు

మందును కంటిపై ఎక్కువసేపు నిలపడమే నేటి పరిశోధనల లక్ష్యం. కొన్ని చుక్కలు సీసాలో నీరువలె ఉండి, కన్నీటిని తాకగానే జిగురువలె చిక్కబడతాయి. కట్టువలె ఉపయోగపడే మెత్తని కాంటాక్టు లెన్సు గాయాన్ని రెప్పల రాపిడినుండి కాపాడి నొప్పిని తగ్గిస్తుంది. మందును తనలో ఇముడ్చుకొని మెల్లగా విడిచే లెన్సుకు 2022లో అమెరికాలో అనుమతి లభించింది. అయితే అది అలర్జీ దురదకు మాత్రమే. కన్నీటి నాళంలో అమర్చగా 30 రోజుల వరకు మందును విడిచే సన్నని పుల్లవంటి సాధనానికి అక్కడనే 2018లో అనుమతి వచ్చింది. దానిని శస్త్రచికిత్స అనంతరపు నొప్పికి ఉద్దేశించారు. గాయాలకు ఇటువంటి సాధనాలను సిద్ధపరచే పరిశోధనలు జరుగుతున్నవి.

సున్నం, ఆమ్లం వంటివి కార్నియా అంచున ఉండే మూలకణాలను నశింపజేస్తే మందులు మాత్రమే చాలవు. అట్టివారికి, ఒక కన్ను ఆరోగ్యంగా ఉన్నట్లయితే, దానినుండి చిన్న కణజాలపు ముక్కను తీసి, దానిని మరింత చిన్న ముక్కలు చేసి, దెబ్బతిన్న కంటిపై మాయపొరను పరచి దానిపై అతికించే పద్ధతిని హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర విజ్ఞాన సంస్థ వైద్యులు 2012లో ప్రకటించారు. ప్రయోగశాలలో కణాలను పెంచే ఖర్చు దీనికి అవసరం లేదు.

పాటించవలసినవి

ఏ కొత్త మందుకన్నను మొదటి నిమిషాలు విలువైనవి. కంటిలో సున్నం గాని ఆమ్లం గాని పడినచో వెంటనే, ఆసుపత్రికి బయలుదేరక మునుపే, రెప్పలు విప్పి శుభ్రమైన నీటిధారతో కనీసం 15 నుండి 30 నిమిషాలు కడుగవలెను. కన్ను నులుమరాదు. చనుబాలు, ఆముదం, పసరు వేయరాదు. ఇంటిలో మిగిలిన పాత చుక్కలను వైద్యుని సలహా లేక వాడరాదు. వానిలో స్టెరాయిడ్ ఉన్నచో బూజు వల్ల కలిగిన పుండు మరింత ముదురుతుంది.

చుక్క వేయునపుడు ఒక్కటి చాలును. పిమ్మట కన్ను మూసి, ముక్కువైపు మూలను వ్రేలితో ఒకటి రెండు నిమిషాలు మెల్లగా అదిమిపట్టవలెను. రెండవ మందుకు కనీసం 5 నిమిషాల వ్యవధి ఇవ్వవలెను. ఖర్చులేని ఈ అలవాటుతో మందు కంటిపై మరికొంతసేపు నిలుస్తుంది.

ప్రశ్నలు
1. కార్నియా గాయానికి మాత్రలకన్న చుక్కలే ప్రధానమగుటకు కారణమేమి?
2. కంటిలో సున్నం పడినపుడు మొట్టమొదట చేయవలసినదేమి?