రక్తదానము – దాసోహ భావము

దానమునకును దాసోహమునకును భేదమున్నది. దానమున ‘నేనిచ్చితిని’ అను అహంకారమునకు తావు కలదు. దాసోహమున ఇచ్చువాడు సేవకుడు మాత్రమే. 12వ శతాబ్దమున కల్యాణమున బసవేశ్వరుడు బోధించిన ఈ భావమునకు రక్తదానము చక్కని నిదర్శనము. గ్రహీత ఎవరో దాతకు తెలియదు. దాత కులమేదో గ్రహీత అడుగడు.

రక్తమును కర్మాగారమున తయారుచేయుట సాధ్యము కాదు. సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పు ననుసరించి, 1998 జనవరి 1 నుండి మన దేశమున రక్తవిక్రయము నిషిద్ధమైనది. కావున స్వచ్ఛంద దాతలే రోగులకు ఆధారము.

18 ఏండ్లు నిండి, కనీసము 45 కిలోల బరువు, తగిన హిమోగ్లోబిన్ గల ఆరోగ్యవంతులు ఇందుకు అర్హులు. పురుషులు 90 దినములకు, స్త్రీలు 120 దినములకు ఒకమారు ఈయవచ్చును.

అయితే బసవ జయంతినాడు శిబిరము జరిపి ఊరకుండుట చాలదు. నిల్వచేసిన ఎర్రకణములు 42 దినములకు మించి, ప్లేట్‌లెట్లు సుమారు 5 దినములకు మించి పనికిరావు. తలసీమియా వ్యాధిగ్రస్తులైన బిడ్డలకో, కొలది వారములకొకసారి రక్తమెక్కింపవలసియుండును. వారి అవసరము పండుగ కొరకు వేచియుండదు. కనుక ప్రతి గ్రామమున భక్తులు పేర్లు నమోదు చేసికొని, నెలకొక జట్టుగా ఈయవలెను. గోడపత్రికలకన్న, ఇచ్చి వచ్చినవాడు పొరుగువాని భయమును పోగొట్టుటయే మేలైన ప్రచారము. కాయకమునకు వలెనే దాసోహమునకును నిత్యత్వమే శోభ.