పెరటిలో పుష్పకైంకర్యం

భగవద్గీత తొమ్మిదవ అధ్యాయం 26వ శ్లోకంలో శ్రీకృష్ణ పరమాత్మ ఆకు, పువ్వు, పండు, నీరు వీటిలో ఏది భక్తితో సమర్పించినా స్వీకరిస్తానని అభయమిచ్చాడు. ఈ నాలుగింటిలో ఏదీ ధనవంతులకు మాత్రమే లభించేది కాదు. నేడు మనలో చాలామంది పూజకు పూలను బజారు నుండి తెచ్చుకుంటున్నాము. అందులో దోషం లేదు. అయితే స్వయంగా పెంచిన పువ్వు స్వామి పాదాలను చేరకముందే, పెంచినవారికి కొంత మేలు చేస్తుంది. ఆ మేలు ఎటువంటిదో తెలుసుకుందాం.

ఓర్పు, నియమం

మల్లెతీగను చూడండి. చలికాలంలో దానికి నీరు తగ్గించి, కొమ్మలు కత్తిరించి, ఆకు దూసివేస్తారు. చూసేవారికి తీగ ఎండిపోయినట్లే ఉంటుంది. పిమ్మట పాదు తవ్వి, ఎరువు వేసి, నీరు పెట్టగా ఎండలు ముదిరే నాటికి తీగ నిండా మొగ్గలే! చామంతి చలికాలం వచ్చేదాకా పూయదు. పారిజాతం రాత్రి విచ్చి, తెల్లవారేసరికి తానే రాలుతుంది. దానిని ఏరుకోవాలంటే మనమే తొందరగా నిద్ర లేవాలి. మన ఇష్టప్రకారం పువ్వు పూయదు. పువ్వు వేళకు మనమే నడుచుకోవాలి. ఈ అలవాటు క్రమంగా జపానికీ, పూజకూ, ఇంటి వ్యవహారాలకూ వ్యాపిస్తుంది.

అనంతాళ్వారు తోట

శ్రీరంగంలో భగవద్రామానుజులు, తిరుమలలో ఉండి శ్రీనివాసునికి పుష్పకైంకర్యం చేయగలవారెవరని శిష్యులను అడిగారు. ఆనాడు తిరుమల చలిగాలులతో, క్రూరమృగాలతో కూడిన అడవి. అనంతాళ్వారు ఒక్కరే ముందుకు వచ్చారు. కొండపై తోట వేసి, దానికి నీటికోసం చెరువు తవ్వసాగారు. ఆయన తవ్వుతుండగా గర్భవతియైన భార్య మట్టి మోసేది. ఒక బాలుడు వచ్చి సాయం చేస్తానన్నాడు. ఈ కైంకర్యంలో మరొకరికి భాగమివ్వడం ఇష్టంలేని అనంతాళ్వారు వద్దన్నారు. బాలుడు ఆయన కంటపడకుండా ఆ తల్లి చేతిలోని తట్టను అందుకొని మోయసాగాడు. అది తెలిసి అనంతాళ్వారు కోపంతో గునపం విసరగా, అది బాలుని గడ్డానికి తగిలింది. తరువాత ఆలయంలో స్వామి గడ్డం నుండి రక్తం కారుతుండటం చూచి, వచ్చినవాడెవరో గ్రహించి విలపించారు. గాయంపై పచ్చకర్పూరం అద్దారు. నేటికీ స్వామి గడ్డంపై పచ్చకర్పూరం అలంకరించడానికి ఇదే కారణమని చెబుతారు. మహాద్వారం వద్ద ఆ గునపాన్ని భక్తులు దర్శించవచ్చు.

సర్వం త్యజించి కొండనెక్కిన మహాభక్తుని సేవలోనూ ‘ఇది నాది’ అన్న భావం ఒక్క క్షణం తొంగిచూసింది. ఇక మనవంటివారి సంగతి చెప్పవలసిన పని లేదు.

గోడ అవతలి చేయి

తెల్లవారుజామున మన ప్రహరీ మీదుగా వంగిన మందారాన్నో, నందివర్ధనాన్నో దారిన పోయేవారు కోసుకొని వెళ్ళడం తోట ఉన్న ప్రతి ఇంటికీ అనుభవమే. మనసు చివుక్కుమంటుంది, నోట పరుషమైన మాట వస్తుంది. అడగకుండా కోసిన పువ్వు పూజకు తగదని పెద్దల మాట. కనుక కోసేవారు తప్పక అడగాలి. కాని పెంచినవారు ఆలోచించవలసినది వేరొకటి ఉంది. ఆ పువ్వు ఏ ఇంటి పటానికి చేరినా చేరేది ఆ స్వామినే కదా! వీధి వైపు పూచిన కొమ్మను పొరుగువారి పూజకని ముందే మనసులో వదలివేస్తే, ఆ ఉదయం మనకు కోపం ఉండదు. పూజకు చెప్పిన ఎనిమిది భావపుష్పాలలో మొదటిది అహింస. క్షమ కూడా వాటిలో ఒకటి. ఆ రెండూ విచ్చే చోటు ఈ గోడ పక్కనే.

తిరుమలలో పూసిన పూలన్నీ స్వామివేనన్న భావంతో భక్తులు అక్కడ పూలు ధరించరు. పెరటి తోటలోనూ ఆ భావం నిలుపుకోగలిగితే అదే గొప్ప ఫలం.

కొన్ని సూచనలు

పెరడు లేనివారు మేడపైన నాలుగు కుండీలతో ప్రారంభించవచ్చు. తులసి, మందారం, నందివర్ధనం, శంఖుపుష్పం సులభంగా పెరుగుతాయి. బియ్యం కడిగిన నీటిని మొక్కల పాదులో పోయవచ్చు. స్నానం చేసి, సూర్యాస్తమయానికి ముందే పూలు కోయాలి. చెట్టుకు కొన్ని పూలు విడిచిపెట్టాలి. తేనెటీగలకూ వాటిపై హక్కు ఉంది. మరునాటి నిర్మాల్యాన్ని చెత్తలో వేయక, దారం తీసి, ఒక కుండీలో మట్టితో కప్పితే కొన్నాళ్ళకు ఎరువు అవుతుంది. స్వామి పాదాలు తాకిన పువ్వు తిరిగి మొక్కను చేరి, మరొక పువ్వుకు ప్రాణం పోస్తుంది.

క్షేత్రాలకు యాత్ర చేయడం, ఆలయాలకు విరాళమివ్వడం పుణ్యకార్యాలే. అయితే అవి ఏడాదిలో కొన్ని రోజులకు పరిమితం. మొక్కకు నీరు పోయడం ప్రతిదినం చేయదగిన సేవ. ఈ మాసంలోనే ఒక మొక్క నాటండి. దాని తొలి పువ్వును స్వామికి సమర్పించండి. మలి పువ్వును అడిగినవారికి ఇవ్వండి.